జీడిచెట్ల మీద నల్ల గీతలు: మూడో నెల

పలాస దగ్గర మావయ్య తోటలో జీడిచెట్ల మొదళ్లు చూడ్డం మొదలుపెట్టి మూడు నెలలైంది. బూడిదరంగు పొర, దాని మీద పిల్లలు గీకినట్టు నల్లటి వంకర గీతలు. ఇవి లైకెన్లు, అంటే శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు. మొదట్లో అన్నీ ఒకటేననుకుని 14 ముక్కలు ఒకే కవరులో వేసి పైన ‘గ్రాఫిస్’ అని ఒక లైకెన్ ప్రజాతి పేరు రాసేశాను. ఇప్పుడు ఆ కవరే నా ప్రాణం తీస్తోంది.

ఈ లైకెన్లు బిర్యానీలో వేసే రాతిపువ్వులా గిల్లితే ఊడిరావు. బెరడుతో సహా గోరంత చెక్కాలి. పక్క తోట తాత చూసి, “ఏటి బాబూ, చెట్టుకి బొల్లొస్తే ఫొటోలు తీస్తన్నావా?” అన్నాడు. పైపైనే ఉంటుంది, చెట్టుకేమీ కాదు తాతా అన్నాను. నమ్మినట్టు లేదు.

గీతను కొత్త బ్లేడుతో అడ్డంగా, వీలైనంత పల్చగా కోసి నీటిచుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద 400 రెట్లకు చూశాను. గీతలోని సిద్ధబీజాలు (స్పోర్లు) గొంగళిపురుగుల్లా అడ్డగదులతో కనిపిస్తాయి. రంగు లేకపోతే గ్రాఫిస్, గోధుమరంగైతే ఫియోగ్రాఫిస్ అనే వేరే ప్రజాతి. వినడానికి సులువే. కానీ ఫియోగ్రాఫిస్ లేత బీజాలకూ రంగుండదు, గ్రాఫిస్‌వి ముదిరితే కాస్త గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క బీజం చూసి తేల్చేసిన నాలుగు ముక్కలు మళ్లీ కోయాల్సివచ్చింది. ఇప్పుడు కనీసం పది చూస్తున్నాను. అనుమానమొస్తే అయోడిన్ ద్రావణం: గ్రాఫిస్ బీజాలు నీలి ఊదాకు, ఫియోగ్రాఫిస్‌వి ఎర్ర గోధుమకు మారతాయి. అలా ఐదు ఫియోగ్రాఫిస్ అని తేలాయి, ఆరు గ్రాఫిస్.

ఆ ఆరింటిలో ఏ రసాయనాలున్నాయో తెలుసుకోవడానికి కవర్‌స్లిప్ (స్లైడు మీది పల్చటి గాజు) అంచున 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశాను (చర్మం కాలుస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి). రెండు ముక్కలు పసుపై, ఎర్రబడి, కాసేపటికి సన్నటి ఎర్ర సూదులు పొడిచాయి. అది నార్‌స్టిక్టిక్ ఆమ్లం అనే లైకెన్ రసాయనం. ఒకటి పసుపుతో ఆగింది. మిగతా మూడూ ఉలకలేదు. ఒక్క గ్రాఫిస్‌లోనే మూడు గుంపులన్నమాట.

కొన్ని లైకెన్ రసాయనాలు యూవీ వెలుగులో మెరుస్తాయి, కానీ నేను కొన్న యూవీ టార్చి మాత్రం డబ్బు దండగ. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానిది కొన్నాను. అన్నీ ఊదాగా మెరిస్తే తెగ సంబరపడ్డాను, తీరా అది టార్చి వెలుగే! ఫిల్టరున్న 365ది అరువు తెచ్చి చూస్తే పసుపుగా వెలిగింది ఒక్కటే, లైకెక్సాంథోన్ అనే రసాయనం ఉన్నది.

జాతి పేర్ల జోలికి ఇంకా పోలేదు. 2009లో వచ్చిన ప్రపంచ గ్రాఫిస్ కీలో (జాతిని గుర్తుపట్టే పట్టికలో) 300కు పైగా జాతులున్నాయి. పైగా 14లో ఏదీ తేలక మిగిలిన మూడు ముక్కల్లో బీజాలే లేవు, అవి ఏ చెట్టువో నేను రాసుకోలేదు. ఆదివారం వెళ్లి చెట్లకు నంబర్లు వేయాలి. ముక్కకో కాగితం పొట్లం, దాని మీద చెట్టు నంబరు, ఏ వైపు, తేదీ.