మాస్టారు బోర్డు మీద రాసిన 33550336

సంచికకి ఏదైనా రాయమంటే నాకు వార్షికోత్సవాలు, ఆటల పోటీలు ఏవీ గుర్తు రాలేదు, పదో తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద రాసిన ఒక సంఖ్య గుర్తొచ్చింది. 33550336.

అంతకు ముందు రోజు ఆయన 6, 28, 496, 8128 చూపించారు. తనని తాను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ అదే సంఖ్య వస్తుంది, 28కి 1, 2, 4, 7, 14 లాగ. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. ఒక్కో అంకె పెరుగుతూ వస్తున్నాయి కదా, తర్వాతది ఐదంకెలదే అని మేమంతా గట్టిగా చెప్పాం. మాస్టారు కాదనలేదు. మర్నాడు వచ్చి ఈ ఎనిమిదంకెలు రాసి, "ఇదేం రకమో మీరే తేల్చండర్రా" అని కుర్చీలో కూర్చున్నారు.

సరి సంఖ్యే కాబట్టి సగం చేసుకుంటూ పోయాం. పన్నెండు సార్లు సగం చేశాక 8191 దగ్గర ఆగిపోయింది. 91 వర్గం 8281, అంటే 89 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, వాటిని బెంచీల వారీగా పంచుకున్నాం. నా వాటాకి 53 వచ్చింది. శేషం 29. కిటికీ పక్కన కూర్చునేవాడికి 79 వస్తే వాడికి 54 మిగిలింది. ఎవరికీ నిశ్శేషంగా పోలేదు, 8191 ప్రధాన సంఖ్య అని తేలింది! ఈ 8191 రెండుని పదమూడు సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది, అలాంటి దానికి ప్రధాన కారణాంకం ఉంటే అది 26తో భాగిస్తే 1 మిగిలేదే అయ్యుండాలని డిగ్రీలో చదివాను. 89 లోపు అలాంటివి 53, 79 రెండే. అంటే ఆ రోజు అసలు పరీక్ష మా ఇద్దరి చేతుల్లోనే ఉందన్నమాట, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక కూడటం. 1, 2, 4 అంటూ 4096 వరకు పదమూడు కారణాంకాలు, గుణశ్రేఢి సూత్రంతో మొత్తం సరిగ్గా 8191. మిగతా పన్నెండూ 8191కి 1, 2, 4 నుంచి 2048 వరకు రెట్లు, అవన్నీ కలిస్తే 8191కి 4095 రెట్లు. దానికి ముందు వచ్చిన 8191 కలపగానే 4096 × 8191, బోర్డు మీద ఉన్నదే! యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే చెప్పిన దారి ఇదేనని మాస్టారు అప్పుడు చెప్పారు, ముందే చెప్పి ఉంటే మాకు ఇంత సంతోషం ఉండేది కాదు. 1 నుంచి 8191 వరకు వరుసగా కూడినా, 1 నుంచి 127 వరకు బేసి సంఖ్యల ఘనాలు కూడినా ఇదే వస్తుందని ఆ వారమంతా ఒక్కొక్కటీ చేయించారు.

మొన్న ఈ వ్యాసం కోసం సంఖ్య రాసుకుని ఊరికే దాని అంకెలు కూడాను. 28 వచ్చింది, అదీ పరిపూర్ణ సంఖ్యే! వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను.

"ఆ 28 అంకెలు కూడు, వచ్చినదాన్ని మళ్లీ కూడు" అన్నారు.

"10, తర్వాత 1 అండీ."

"496కి, 8128కి కూడా చేసి రేపు చెప్పు."

రెండింటికీ 19, 10, ఆఖరికి 1. రేపటి దాకా ఆగలేక అప్పుడే మళ్లీ ఫోన్ చేశాను.