ఆయ్ తాతయ్యా

మెల్‌బోర్న్‌లో చలికాలం రాత్రి ఏడున్నరయితే మా ఊళ్ళో మధ్యాహ్నం మూడు. నాన్న భోంచేసి, ఓ కునుకు తీసి లేచే వేళ. ఆదివారం ఆ వేళకే ఫోన్ చేస్తాం. కిందటి జూన్‌లో అలా మాట్లాడుతుంటే నాన్న మా అమ్మాయిని "అమ్మలూ, అన్నం తిన్నావా?" అని అడిగారు. అది సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎంతో మామూలుగా "ఆయ్, తిన్నాను తాతయ్యా" అంది.

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ మాట దానికి నేను నేర్పలేదు. ఎలా నేర్పుతాను? నేనే మానేసి ఇరవై ఏళ్ళు దాటింది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెప్తాను. ఆయ్ అంటే అవునండి అని అర్థం. పెద్దవాళ్ళు పిలిస్తే పలికేదీ ఆయ్. వాళ్ళు చెప్పేది వింటున్నామని మధ్యమధ్యలో తెలిపేదీ ఆయ్. చెప్పిన పని చేస్తామని ఒప్పుకునేదీ ఆయ్. మా తాతగారు చేలోంచి కేకేస్తే, పెరట్లోంచి మా నాన్న "ఆయ్, వత్తన్నానండీ" అనడం నా చెవుల్లో ఇంకా ఉంది. అంత చిన్న మాటలో అంత మర్యాద ఇమిడి ఉండటం నాకు వేరే ఎక్కడా కనపడలేదు.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ హాస్టల్లో చేరాను. మొదటి వారంలోనే పక్క గది అమ్మాయి ఏదో అడిగితే అలవాటుగా "ఆయ్" అన్నాను. గదంతా నవ్వులు. ఆ రోజు నుంచి నేను మెట్లు దిగుతుంటే చాలు, "ఆయ్, గోదారండీ" అని సాగదీసి పిలిచేవాళ్ళు. సినిమాల్లో నవ్వించే వేషాలకి మా యాస పెట్టీ పెట్టీ, అందరికీ అనుకరించడం బాగా వచ్చు. నెల తిరక్కుండా ఆ మాట నా నోట్లోంచి పోయింది. ఇంటికి ఫోన్ చేసినా "ఊఁ", "ఓకే నాన్నా" అనే వచ్చేవి. నాన్న ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. గమనించి ఉండరని ఎలా అనుకోను?

ఇప్పుడు ఆ మాటని మా అమ్మాయి తెచ్చుకుంది. ఎక్కణ్ణుంచో చెప్తాను.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. ఇక్కడ బడికి ఎండాకాలం సెలవులు డిసెంబరు చివర్నుంచి జనవరి చివరి దాకా ఉంటాయి. సంక్రాంతి సరిగ్గా మధ్యలో వస్తుంది. కిందటి జనవరిలో పిల్లలిద్దర్నీ తీసుకుని నాలుగు వారాలు కోనసీమలో అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో ఉన్నాం. అమ్మాయికి పదకొండేళ్ళు, అబ్బాయికి ఏడు.

అప్పటికి మా ఇంట్లో ఒక డబ్బా ఉండేది. ఇంట్లో ఇంగ్లీషు మాట దొర్లితే అందులో పది సెంట్లు వెయ్యాలి. ఆ నియమం నాదే. పిల్లలకి తెలుగు రాకుండా పోతుందేమోనని నాకున్న టెన్షన్ అలాంటిది. డబ్బులు బాగానే పోగయ్యాయి. కానీ అన్నాల దగ్గర అబ్బాయి మాట్లాడటం తగ్గించేశాడు. బళ్ళో జరిగింది చెప్పాలంటే వాడికి ఇంగ్లీషు మాటలు కావాలి, మాట్లాడితే డబ్బులు పోతాయి. అందుకని తల దించుకుని తినేసి లేచిపోయేవాడు. అది నాకు తెలుస్తూనే ఉంది, అయినా డబ్బా తియ్యలేదు.

ఊరెళ్ళిన మూడో రోజు నాన్న మమ్మల్ని లొల్ల లాకులు చూపించడానికి తీసుకెళ్ళారు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, దాన్నుంచి తీసిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడమే కాదు, పడవలకి దారులు కూడా అయ్యాయి. ధాన్యం, కొబ్బరికాయలు అన్నీ పడవల మీదే పోయేవి. నాన్న గట్టు మీద నిలబడి చేతులతో చూపిస్తూ చెప్తున్నారు: "పడవ లోపలికొచ్చాక ఎనక తలుపు మూసేత్తారు. ముందు తలుపులోంచి నీళ్ళు వదుల్తారు. లోపలి మట్టం పై కాలవతో సమానమయ్యాక ముందు తలుపు తీత్తారు. అదీ లాకంటే."

అమ్మాయి అంతా విని, "తాతయ్యా, లాకు అంటే ఇంగ్లీష్ లాకే కదా?" అంది. నాన్న ఒక్క క్షణం ఆగి, "అవునా? మాకు లాకంటే లాకే. మా తాతల కాలం నుంచీ మా మాటే" అన్నారు. అబ్బాయి వెంటనే నా వైపు తిరిగి, "అమ్మా, తాతయ్య పది సెంట్లు వెయ్యాలి" అన్నాడు.

నాన్నకి ఆ డబ్బా సంగతి తెలీదు. నేను చెప్తే ఆయన ముఖం చిన్నబోయింది. "మాటకి డబ్బులు వసూలు చేత్తావేంటమ్మా? పిల్లోడు నీతో మాట్టాడ్డం మానేత్తే?" అని ఊరుకున్నారు. వాడు మాట్లాడటం తగ్గించాడని నేనాయనకి చెప్పలేదు. ఆయనే కనిపెట్టారు. మెల్‌బోర్న్ వచ్చిన రోజే ఆ డబ్బా తీసేశాను. అందులోని చిల్లరతో వాళ్ళిద్దరూ ఐస్‌క్రీమ్ కొనుక్కున్నారు.

ఆ లాకుల దగ్గర మొదలైంది వాళ్ళకి ఈ వెతుకులాట. ఏ మాట ఎటు నుంచి ఎటు వెళ్ళిందని. ఆనకట్ట లాంటి మన దక్షిణాది మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి అనికట్ అయిందని తెలిశాక నాన్నకి రెండు రోజులు అదే కబురు. ఇంకా పెద్దది ఏప్రిల్‌లో దొరికింది. అబ్బాయి బడి నుంచి బాండికూట్ మీద పాఠం తెచ్చుకున్నాడు. ఇక్కడి జంతువది. పొడుగు ముక్కు, కంగారూలాగా పొట్టసంచిలో పిల్లల్ని మోస్తుంది. ఆ పేరు ఎక్కడిదో చూడమంటే అక్క నిఘంటువు తీసింది. తెలుగు. పందికొక్కు. మన దేశంలో తెల్లవాళ్ళు మన పందికొక్కుని ఆ పేరుతో పిలవడం నేర్చుకున్నారు. తర్వాత ఇక్కడ కాస్త అలాంటి జంతువు కనపడితే దానికీ అదే పేరు పెట్టేశారు. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు, పేరొక్కటే.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి ఇద్దరూ ఒకేసారి చెప్పబోయారు. ఆయన ఎంత సంతోషించారో! "గట్లు తవ్వేసి, ధాన్యం మోసుకుపోయే ఆ పందికొక్కు పేరు అక్కడి దాకా వచ్చిందా!" అని, గాదె కింద పందికొక్కు అని ఎవర్ని అంటారో పిల్లలకి విడమరిచి చెప్పారు. మర్నాడు అబ్బాయి తరగతిలో లేచి నిలబడి, అది మా తాతయ్య భాషలోంచి వచ్చిన మాట అని చెప్పాడట. టీచరు బోర్డు మీద తెలుగులో రాయించింది. వాడికి అప్పటికి ఒత్తులు సరిగ్గా రావు. రాత్రి కూర్చుని 'క్కు' ఇరవై సార్లు రాశాడు. నేను చెప్పకుండా వాడు తెలుగు రాయడం అదే మొదటిసారి.

ప్రతివాళ్ళకీ నచ్చని మాటలు కొన్ని ఉంటాయి కదా. నాకు 'పేపర్ స్వీట్' అనే మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇక్కడ దుకాణాల్లో పూతరేకుల్ని అలాగే రాసి అమ్ముతారు. మా పిల్లలూ అదే అనేవాళ్ళు. ఎన్నిసార్లు సరిదిద్దినా నిలవలేదు. ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో ఒకావిడ రేకులు తీస్తుంటే చూశాకే నిలిచింది. కుండ బోర్లించి ఉంది. దాని పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకులు లోపలికి తోస్తోంది, మంట సన్నగా సమానంగా ఉండాలి. పక్కన పళ్ళెంలో పాలలా పల్చటి పిండి. తెల్లటి గుడ్డముక్క రెండు చేతులా పట్టుకుని ఆ పిండిలో ముంచి, కుండ వీపు మీద పరిచి లాగేసింది. అంతే, ఒక్క రెప్పపాటు. కుండ మీద పొర అంచులు పైకి లేచాయి. గోటితో తీసి మా అమ్మాయి అరచేతిలో పెట్టింది. దాని గీతలు రేకులోంచి కనపడుతున్నాయి. అది ఊపిరి బిగబట్టి చూసి, "పూత... రేకు" అని రెండు మాటలుగా విడదీసి పలికింది. ఇంక దాన్ని నేను సరిదిద్దాల్సిన పని లేకపోయింది.

మా అమ్మకి నచ్చని మాట థాంక్యూ. అమ్మాయి కూర వడ్డిస్తే థాంక్యూ అమ్మమ్మా, మంచినీళ్ళిస్తే థాంక్యూ అమ్మమ్మా అనేది. మెల్‌బోర్న్‌లో బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్యూ చెప్పకపోతే పెంపకం లేని పిల్లంటారు. అలా పెరిగింది మరి. రెండ్రోజులు ఊరుకుని మూడో రోజు అమ్మ, "నేనేవన్నా పరాయిదాన్నా, ముద్ద ముద్దకీ థాంకులు చెప్తావు?" అంది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నాకు ఇద్దరి బాధా అర్థమైంది. రాత్రి పక్కలో దానికి చెప్పాను. మన ఇళ్ళల్లో "బావుంది, ఇంకొంచెం వెయ్యి" అనడమే అమ్మమ్మకి కావాలి అని. మర్నాడు పనసపొట్టు కూర దగ్గర అదే అంది. అమ్మ గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మా అమ్మాయి ఇప్పటికీ థాంక్యూ మానలేదు, మానమని నేననను. కంచం తీసేటప్పుడు మెల్లగా ఒక్కసారి అంటుంది. అమ్మ కూడా ఇప్పుడేమీ అనుకోదు.

చిక్కిపోయావు, నల్లబడ్డావు అనే పలకరింపుల గురించి ఎక్కువ చెప్పను. ప్రేమతోనే అంటారని తెలిసినా, పదకొండేళ్ళ పిల్ల అద్దం ముందు ఎక్కువసేపు నిలబడటం మొదలెట్టింది. మా పిన్నితో సూటిగానే చెప్పాను, ఆ మాట అనొద్దని.

నేను నిజంగా అసహ్యించుకునే మాట వేరే ఉంది. అంతర్వేది నుంచి నరసాపురం వెళ్తూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం, అంటే నది దాటించే పెద్ద పడవ. వశిష్ఠ గోదావరి మధ్యలో గాలి హాయిగా ఉంది. పక్కన కూర్చున్న పెద్దావిడ మా అమ్మాయికి జామకాయ కోసిచ్చింది, తల నిమిరింది, ఏ ఊరని అడిగింది. తర్వాత అంతే ప్రేమగా, "మీరేవిట్లమ్మా?" అంది. అమ్మాయి నా వైపు చూసి, "అమ్మా, ఏవిట్లు అంటే ఏంటి?" అని అడిగింది.

ఏమిట్లు అంటే ఏ కులం అని. ఆ ప్రశ్నకి అంత మెత్తటి మాట ఉండటమే నాకు భరించలేనిది. ఆవిడకి "కోనసీమోళ్ళమండి" అని ఊరుకున్నాను. ఆవిడ ఇంకోసారి అడిగింది, నేను అదే చెప్పాను. అమ్మాయికి మాత్రం ఇంటికొచ్చాక ఏదీ దాచకుండా చెప్పాను, ఆ మాట వెనకాల ఏముందో, దానివల్ల ఎవరిని ఎక్కడ కూర్చోనివ్వలేదో. మెల్‌బోర్న్‌లో కూడా "మీ ఇంటిపేరేంటండి?" అని అడిగేవాళ్ళున్నారు, అది ఇదే ప్రశ్న. తెలుగు మాటలన్నీ పిల్లలకి అందాలని కోరుకునే నేను, ఈ ఒక్కటి వాళ్ళ నోట పలక్కూడదని కోరుకుంటాను. అర్థం మాత్రం తెలియాలి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. మా పిల్లలకి తీర్థమంటే గుళ్ళో చేతిలో పోసేది. కోనసీమలో తీర్థమంటే జాతర, జనం, జీళ్ళు, రంగులరాట్నం. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, భుజాల మీద వస్తాయి. దాళ్వా, అంటే రెండో పంట, వరి చేలల్లోంచి, కౌశిక కాలవలోంచి మోసుకొస్తారు. చేలో ప్రభ నడిస్తే పైరు పాడైందని ఏ రైతూ అనడు, మంచిదంటాడు. మోసేవాళ్ళు "అశ్శరభ శరభ" అని అరుస్తుంటే అబ్బాయి మా నాన్న భుజం మీదెక్కి గొంతు పోయేలా అరిచాడు. ఆ నాలుగు వారాలూ నాన్న ఎవరితో మాట్లాడినా పిల్లలు పక్కనే ఉన్నారు. ఎరువుల కొట్టతను, కొబ్బరి దింపు తీసేవాళ్ళు, గుడి పూజారిగారు, అందరి నోటా ఆయ్. దాన్ని చూసి నవ్వేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మా అమ్మాయి అందుకుంది.

బయల్దేరే రోజు తెల్లవారుజామున కారు వాకిట్లో ఉంది. అబ్బాయి "వెళ్తున్నాం అమ్మమ్మా" అన్నాడు. అమ్మ వాడి నోటి మీద చెయ్యి పెట్టింది. "వెళ్తున్నాననకూడదు నాన్నా. వెళ్ళొత్తాననాలి."

వాడు ఆలోచించి అడిగాడు, "ఎప్పుడొస్తాను?"

అమ్మ నా వైపు చూసింది. నాన్న కూడా చూశారు. "వచ్చే సంక్రాంతికి" అన్నాను. అంతకు ముందు నాలుగేళ్ళూ రాలేదు మేము. నాన్నకి డెబ్బై నాలుగు.

అప్పుడు వాడు "వెళ్ళొస్తాను" అన్నాడు.

ఇప్పుడు సెప్టెంబరు. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక టికెట్ల ధరలు చూస్తున్నాను. పోయినసారి కంటే బాగా ఎక్కువున్నాయి. శుక్రవారం జీతం పడగానే కొనేస్తాను.