వల వేయకుండానే కర్రికి టీకా వేయించాం

తిరుపతి బైరాగిపట్టెడలో మా సందులో తిరిగే నల్ల కుక్కకు పిల్లలు పెట్టిన పేరు కర్రి. ఎవరైనా చెప్పులు విడవడానికి వంగినా చాలు, రాయి తీస్తున్నారనుకుని తోక ముడిచి పరిగెత్తేది. దానికి రేబిస్ టీకా వేయించాలి. వల వేసి పట్టిస్తే ఒక్క పూటలో అయిపోయేదే. కానీ ఆ తర్వాత మనిషి కనబడితే ఇంకా బెదిరిపోతుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. అందుకే మచ్చిక చేసుకునే పని పెట్టుకున్నాను. ముందుగా నేను రేబిస్ ముందుజాగ్రత్త డోసులు వేయించుకున్నాను.

ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడి కార్జం, గోరంత ముక్కలు. రోజూ సందు సద్దుమణిగాక అదే గట్టు మీద, దానికి పక్కకు తిరిగి కూర్చునేదాన్ని. కళ్లలోకి సూటిగా చూస్తే కుక్కకు అది బెదిరింపే. మొదట్లో ముక్కను నా వైపు కాకుండా దాని వెనక్కి విసిరేదాన్ని. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిస్తేనే అది ధైర్యంగా ముందుకొస్తుంది. ఒక్క అడుగు వేసినా "శభాష్" అని, ఆ క్షణమే ముక్క. ఆలస్యమైతే దేనికి దొరికిందో దానికి అర్థం కాదు.

"నాలుగు తగిలిస్తే అదే దారికొస్తాదిలేమ్మా," అనేది ఎదురింటి అవ్వ. ఆ దెబ్బలే కదా అవ్వా దాన్ని ఇట్లా చేసింది అని, నాలుగు ముక్కలు ఆమె చేతిలోనే పెట్టాను. తర్వాత సందులో అందరికంటే గట్టిగా శభాష్ అనేది అవ్వే!

దీపావళి టపాసులకి కథ మళ్లీ మొదటికొచ్చింది. బాధేసింది, కానీ బలవంతపెట్టలేదు. తిండి ఎదురుగా లేకపోయినా మూతి నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా, కంటి తెల్లగుడ్డు కనబడుతున్నా భయపడుతోందని అర్థం. అప్పుడు నేనే లేచి వచ్చేసేదాన్ని.

మెడకు పట్టీ అలవాటు చేయడం కూడా అలాగే. మెత్తటి నూలు పట్టీని వెడల్పుగా పట్టుకుని, అవతలివైపు ముక్క చూపించేదాన్ని. తొలుత ముక్కు పెట్టింది, తర్వాత చెవులదాకా, చివరికి తనే తల దూర్చింది. మెడ మీద వేలు తగిలితే చర్మం జలదరించింది, కానీ కదల్లేదు. ఆ సాయంత్రం నాకు కళ్లు చెమర్చాయి.

పక్కింటి ఆటో అన్న రాత్రిళ్లు ఇంటి ముందు బండి ఆపుతాడు. ముక్కలు మెట్టు మీద, తర్వాత లోపల, తర్వాత ఇంజిన్ ఆన్ చేసి, ఆపైన సందు చివరిదాకా ఓ రౌండు. అలా అలవాటయ్యాకే పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. నా అరచేతిలో కార్జం నాకుతుండగానే సూది పడింది.

ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. వీధికుక్కల సంతాన నియంత్రణకు కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం ఆపరేషనయ్యాక కుక్కను పట్టుకున్న చోటే వదలాలి, అంటే కర్రి మా సందుకే వస్తుంది. అన్నట్టు ఆటో అన్న కిరాయి తీసుకోలేదు, ఆపరేషన్‌కీ తనే తీసుకెళ్తానన్నాడు.