ఐజాక్ హేస్ కోసం మెంఫిస్

నాష్‌విల్ నుంచి ఐ-40 మీద పడమటికి వస్తుంటే, ఫెయెట్ కౌంటీ దాటిన దగ్గర్నుంచి శామ్ కూపర్ బులెవార్డ్ దాకా రోడ్డు పేరు ఐజాక్ హేస్ మెమోరియల్ హైవే. మెంఫిస్‌లో ఎదిగిన సోల్ (నల్లజాతి పాప్ సంగీతం) గాయకుడు, పాటల రచయిత హేస్ గుర్తుగా 2010లో టెనెస్సీ శాసనసభ పెట్టిన పేరది. ట్రక్కుల మధ్య డెబ్బై మైళ్ళ వేగంతో పోతుంటే బోర్డు కంటపడడం కష్టమే. మెంఫిస్ అనగానే మనవాళ్ళకి ఫెడెక్స్ గుర్తొస్తుంది, పాటలంటే ఎల్విస్ ఇల్లు. మేం మాత్రం ఊళ్ళోకి దిగగానే మెక్‌లెమోర్ అవెన్యూ వైపు తిప్పాం.

నాష్‌విల్ నుంచి దూరం 210 మైళ్ళు, మూడు గంటల పైచిలుకు. దారిలో హేస్ ఆల్బమ్ 'హాట్ బటర్డ్ సోల్' (1969) వినకుండా ఊళ్ళో అడుగుపెట్టడం దండగ. అంతా కలిపి ముప్పావుగంట, నాలుగే పాటలు. అయితే ముందు అసలు పాటలు వినాలి. డియోన్ వార్విక్ 1964లో పాడిన 'వాక్ ఆన్ బై' మూడు నిమిషాలు కూడా ఉండదు. హేస్ చేతిలో అది పన్నెండు నిమిషాలైంది. గ్లెన్ క్యాంప్‌బెల్ పాడిన 'బై ద టైమ్ ఐ గెట్ టు ఫీనిక్స్' అనే కంట్రీ పాట పద్దెనిమిది నిమిషాలు దాటింది. అందులో మొదటి ఎనిమిది నిమిషాలు పాటే లేదు. ఆర్గాన్ ఒకే కార్డ్‌ని (కలిపి మోగే స్వరాల గుంపుని) పట్టుకుని కూర్చుంటుంది, కింద బేస్, డ్రమ్స్ మీద సన్నటి తాళం, పైన మాటలు. హరిదాసు కీర్తన ఎత్తుకోకముందు కథలోకి దింపినట్టే, పాటలోని మగాడు ఇల్లొదిలి ఎందుకు పోతున్నాడో చెప్పాకే హేస్ గొంతెత్తుతాడు. ఒక జాగ్రత్త: ఆ ఎనిమిది నిమిషాలు శబ్దం చాలా తక్కువ. రోడ్డు రొదలో బేస్ మునిగిపోయిందని వాల్యూమ్ పెంచితే, చివర్లో ఆర్కెస్ట్రా వచ్చి కారు అద్దాలు అదరగొడుతుంది. డ్రైవ్ చేసేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం మేలు.

ఇంత స్వేచ్ఛ ఎలా దొరికిందన్నది, హేస్ పనిచేసిన రికార్డు కంపెనీ స్టాక్స్ మ్యూజియంలో అర్థమవుతుంది. చిరునామా 926 ఈస్ట్ మెక్‌లెమోర్. 1967 డిసెంబర్‌లో విమాన ప్రమాదంలో స్టాక్స్ పెద్ద గాయకుడు ఓటిస్ రెడింగ్ పోయాడు. 1968లో స్టాక్స్ పాత రికార్డుల హక్కులు అట్లాంటిక్ కంపెనీకి వెళ్ళిపోయాయి. అమ్ముకోవడానికి సరుకు లేక, కంపెనీ నడుపుతున్న ఆల్ బెల్ ఒక్కసారే 27 ఆల్బమ్‌లు తెమ్మన్నాడు. ఇరవై ఆరు అమ్ముడుపోతే ఇరవై ఏడోది ఏమైనా ఫరవాలేదు అన్న పరిస్థితి. హేస్ అప్పటిదాకా డేవిడ్ పోర్టర్‌తో కలిసి శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంటకి 'సోల్ మ్యాన్' లాంటి హిట్లు రాసిన తెరవెనక మనిషి. ఆ ఇరవై ఏడులో ఎవరూ లెక్కపెట్టని 'హాట్ బటర్డ్ సోల్' అమ్మకాల పట్టికల్లో ఆర్ అండ్ బీలోనూ (రిథమ్ అండ్ బ్లూస్) జాజ్‌లోనూ ఒకటో స్థానం, పాప్‌లో ఎనిమిదో స్థానం పట్టింది. ఒకే రికార్డు ఏ అరలో పెట్టాలో దుకాణాలకే తెలియని పరిస్థితి తెచ్చాడు.

మ్యూజియం అసలు భవనం కాదు. స్టాక్స్ 1975లో దివాలా తీసింది, పాత సినిమాహాల్లో ఉన్న స్టూడియోని 1989లో పడగొట్టారు, అదే స్థలంలో 2003లో ఇది తెరిచారు. లోపలికి వెళ్ళగానే మిసిసిపీ నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన చెక్క చర్చి ఉంటుంది. జనం గుమిగూడేది మాత్రం హేస్ కాడిలాక్ దగ్గర: 1972 ఎల్‌డొరాడో, బంగారు పూత, లోపల బొచ్చు తివాచీ, టీవీ, బార్; కారుని తిరిగే వేదిక మీద నిలిపారు. ఫోటో తీసుకుని కదిలిపోండి. అసలు నిలబడాల్సింది స్టూడియో ఎ అనే రికార్డింగ్ గది దగ్గర. సినిమాహాలు కాబట్టి నేల వాలుగా ఉండేది, తిరిగి కట్టినప్పుడు ఆ వాలు కూడా పెట్టారు. నేలా పైకప్పూ సమాంతరంగా లేకపోవడంతో శబ్దం వాటి మధ్యే కొట్టుకుంటూ ఉండిపోదు. గది పెద్దది కావడంతో వాద్యాల మధ్య గాలి వినిపిస్తుంది. మ్యూజియానికి మూడు గంటలైనా పెట్టుకోండి, సోమవారం సెలవు.

'షాఫ్ట్' (1971) సినిమాకి హేస్ చేసిన పాటని ఇక్కడ నిలబడి హెడ్‌ఫోన్స్‌లో వింటే నిర్మాణం తెలుస్తుంది. డ్రమ్మర్ విల్లీ హాల్ హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు) సెకనుకు దాదాపు ఎనిమిది దెబ్బలు, మారదు. దాని మీద చార్ల్స్ 'స్కిప్' పిట్స్ వా-వా గిటార్ (పెడల్ తొక్కి 'వా-వా' అనిపించేది). తర్వాత ఫ్లూట్లు, బ్రాస్, తీగవాద్యాలు ఒకటొకటే వచ్చి చేరతాయి. నాలుగున్నర నిమిషాల పాటలో మొదటి మాట రెండున్నర నిమిషాలు దాటాక గానీ రాదు. దీన్ని వాయించబోయే బ్యాండ్లు చెడగొట్టేది హై-హ్యాట్ దగ్గరే: ఉత్సాహం కొద్దీ వేగం పెంచుతారు, లేదా వా-వా పెడల్‌ని అదే పనిగా తొక్కుతారు. మిగతావాళ్ళు పెరుగుతున్నకొద్దీ ఆ సన్నటి తాళం పెరగకుండా ఉండాలి. అదే పాటకి 1972లో ఆస్కార్ వచ్చింది. ఉత్తమ గీతం విభాగంలో నల్లజాతి సంగీతకారుడికి అదే తొలిసారి.

తర్వాతి తరాలు హేస్ నుంచి తీసుకున్నది ఆ ఖాళీనే. గొంతు లేని, కార్డ్‌ల రద్దీ లేని నిడివైన భాగాలు కత్తిరించి కొత్త పాటలో పెట్టుకోవడానికి (దీన్నే శాంప్లింగ్ అంటారు) తేలిక. ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ 1988లో 'హాట్ బటర్డ్ సోల్' లోని పియానో ముక్క తీసుకుంది. హేస్ 1971 నాటి పాట 'ఐక్స్ రాప్ 2' లో దిగుతూ వచ్చే బేస్ చక్కగా మొదటికొచ్చి కలుస్తుంది, కాబట్టి మళ్ళీ మళ్ళీ తిప్పి వాయిస్తే అతుకు కనపడదు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌కి చెందిన పోర్టిస్‌హెడ్ బృందం 1994లో 'గ్లోరీ బాక్స్' కి, అదే ఊరి ట్రికీ 1995లో 'హెల్ ఈజ్ రౌండ్ ద కార్నర్' కి అదే ముక్క వాడారు. రెండూ పక్కపక్కన వినండి: ఒకరి దగ్గర ప్రేమగీతం, ఇంకొకరి దగ్గర పొగచూరిన గొణుగుడు. ర్యాపర్ నొటోరియస్ బి.ఐ.జి. నుంచి బియాన్సే (2016) దాకా 'వాక్ ఆన్ బై' కి తిరిగొచ్చినవాళ్ళే. 2000లో ర్యాప్ బృందం వూ-టాంగ్ క్లాన్ ఆ పాటనే తీసుకుని, హేస్‌నే పిలిచి పాడించింది. హేస్ 1976లో దివాలా తీసినప్పుడు ఇంటితోపాటు ముందుముందు రావాల్సిన రాయల్టీల హక్కులు కూడా పోయాయి. శాంప్లింగ్ ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఎక్కువమంది పొరబడేది మెంఫిస్‌లోని మరో రికార్డింగ్ స్టూడియో ఆర్డెంట్ దగ్గర. 'హాట్ బటర్డ్ సోల్' బ్యాండ్ భాగం రికార్డయింది స్టాక్స్‌లో కాదు, ఆర్డెంట్‌లో. మాడిసన్ అవెన్యూలోని భవనం ముందు ఫోటోలు దిగుతారు గానీ, 1969లో ఆ స్టూడియో ఉన్నది నేషనల్ స్ట్రీట్‌లో. తీగవాద్యాలు డెట్రాయిట్‌లో కలిపారు.

హేస్ సమాధి పాప్లర్ అవెన్యూలోని మెమోరియల్ పార్క్‌లో ఉంది. తోట పెద్దది, ఆఫీసులో అడిగి మ్యాప్ తీసుకోకపోతే తిరిగి తిరిగి అలసిపోతారు. పుట్టిన ఊరు కావింగ్టన్ ఉత్తరాన నలభై మైళ్ళు. సమయం తక్కువైతే దాన్ని వదిలేసి, స్టాక్స్‌కి దగ్గర్లోనే ఉన్న రాయల్ స్టూడియోస్ ఎంచుకోండి. అదీ పాత సినిమాహాలే, నేల ఇప్పటికీ వాలే. సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ పాడిన ఆ గదిలోనే 2014 నాటి 'అప్‌టౌన్ ఫంక్' లో కొంత భాగం రికార్డు చేశారు. అది పని జరుగుతున్న స్టూడియో, ముందే రాసి అనుమతి తీసుకోకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి రావాలి.