మా జపాల్లోనే ఉన్న జవాబులు

మా తమ్ముడి కోడలు బాప్టిస్టు కుటుంబంలో పుట్టి పెరిగిన అమ్మాయి. బైబిలు వచనాలు అధ్యాయంతో సహా నోటికి చెప్పగలదు. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని సంఘంలో, చాలా ఏళ్లుగా ఆదివారాలు పిల్లలకు జ్ఞానోపదేశం (విశ్వాస పాఠాలు) చెబుతున్నవాణ్ణి కనుక, తనకు వచ్చిన ప్రతి సందేహాన్నీ నా దగ్గరకే తెస్తుంది. ఆమె అడిగేవి కొత్త ప్రశ్నలేమీ కావు. ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) వాళ్లమని తెలియగానే లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు మిత్రులు మమ్మల్ని అడిగేవే. అయితే వాదించి గెలవడానికి కాకుండా, తాను అడుగుపెట్టిన ఇంటివాళ్లు ఏమి నమ్ముతున్నారో తెలుసుకోవడానికి ఒకరు అడిగినప్పుడు, జవాబు చెప్పేవాడు కూడా తన నమ్మకాన్ని మళ్లీ ఒకసారి మొదటినుంచీ చూసుకోవలసి వస్తుంది. నాకు జరిగింది అదే.

మొన్న ఫిబ్రవరిలో అందరం కలిసి విజయవాడ వెళ్లి గుణదల కొండ ఎక్కాము. అక్కడ ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి. ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర బెర్నదెత్ అనే పేద బాలికకు మరియమాత మొదటిసారి దర్శనమిచ్చినది 1858 ఫిబ్రవరి 11న. ఆ లూర్దుమాత స్వరూపాన్నే 1924లో ఆర్లాటి అనే ఇటలీ దేశపు గురువు (ఫాదర్) గుణదల కొండమీద ప్రతిష్ఠించారు. మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. తలనీలాలు సమర్పించి దిగేవాళ్లు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు పట్టుకుని ఎక్కేవాళ్లు, క్రీస్తు శ్రమలను ధ్యానించే సిలువ మార్గం చేసుకుంటూ ఒక్కొక్క స్థలం దగ్గర మోకరించేవాళ్లు, వారిలో క్రైస్తవులు కానివారు కూడా ఎందరో. ఆ రద్దీని చూస్తూనే అమ్మాయి అడిగింది: "పెదమామయ్యగారూ, ఏమీ అనుకోవద్దు. మీరు మరియమ్మను పూజిస్తారా?"

పూజించమని చెప్పాను. అయితే అంతటితో ఆగిపోతే అది నిజాయితీగల జవాబు కాదు, ఎందుకంటే ఆ ప్రశ్న పుట్టడానికి సగం కారణం మా మాటలే. ఆదివారం గుడికి వెళ్లి దివ్యబలిపూజలో పాల్గొని వస్తే, "పూజకు వెళ్లొచ్చాం" అంటాము. మరియమాత పండుగనాడు జరిగే దివ్యబలిని "మాత పూజ" అనేస్తాము. వినేవాళ్లకు అది మరియమ్మకు చేసే పూజగానే వినిపిస్తుంది. నిజానికి ఆ రోజున బలిపీఠం దగ్గర గురువు చదివే ప్రధాన ప్రార్థన మొదటినుంచి చివరిదాకా తండ్రియైన దేవుణ్ణి ఉద్దేశించినదే. క్రీస్తు ద్వారా, పవిత్రాత్మ ఐక్యంలో, తండ్రికి అర్పించే బలి అది. మరియమ్మ పేరు అందులో వచ్చినప్పుడు కూడా ఆ ప్రార్థన చేరేది తండ్రికే.

ఈ తేడాకు పాత శ్రీసభ (క్రైస్తవ సంఘం) గ్రీకు మాటలు వాడింది. దేవునికి మాత్రమే చెల్లేది లాత్రియా, అంటే ఆరాధన. పునీతులకు, అంటే శ్రీసభ పరిశుద్ధులుగా గుర్తించినవారికి, చెల్లేది దూలియా, అంటే వందనం, గౌరవం. మరియమ్మకు చెల్లేది హైపర్‌దూలియా, అది కూడా గౌరవమే, అందరికంటే ఎక్కువ గౌరవం. తెలుగులో ఈ హద్దు మాటల్లో అంత స్పష్టంగా కనిపించదు. మనం తల్లిదండ్రుల పాదాలకు నమస్కరిస్తాము, గురువులకు పాదపూజ చేస్తాము, దేవునికీ పూజ అంటాము. అందుకే నేను ఆమెకు గ్రీకు మాటలు చెప్పడంతో సరిపెట్టలేదు. మా జపాలను వినమన్నాను. ఐదో శతాబ్దపు ప్రోస్పర్ అనే క్రైస్తవ రచయిత నాటినుంచీ శ్రీసభలో ఒక సూత్రం ఉంది: ప్రార్థించే తీరే విశ్వసించే తీరును నిర్ణయిస్తుంది. మేము ఏమి నమ్ముతున్నామో తెలియాలంటే మా నోట వచ్చే క్రియాపదాలను గమనించడం అన్నిటికంటే దగ్గరి దారి.

పునీతుల మాలిక ప్రార్థనలో క్రీస్తును సంబోధించినప్పుడు సంఘమంతా దయచూపమని బదులు పలుకుతుంది. మరియమ్మ పేరు, పేతురు పేరు, అంతోనివారి పేరు వచ్చినప్పుడు ఆ బదులు మారిపోయి, "మా కొరకు ప్రార్థించండి" అవుతుంది. జపమాలలో మేము 50 సార్లు పలికే మంగళవార్త జపం కూడా ఆ క్రియతోనే ముగుస్తుంది: ఇప్పుడూ, మా మరణ సమయమందూ, మా కొరకు ప్రార్థించండి. రక్షించమని కాదు, క్షమించమని కాదు. పక్కింటి అమ్మను, "మా అబ్బాయికి ఒంట్లో బాగాలేదు, ప్రార్థన చేయండి" అని అడిగినట్టే పరలోకంలో ఉన్న అమ్మను అడుగుతున్నాము. చనిపోయినవారిని అడగవచ్చునా అంటే, క్రీస్తులో చనిపోయినవారు ఆయన దగ్గర జీవిస్తున్నారన్నదే మా విశ్వాసం.

ఆ జపంలోని మొదటి సగం అమ్మాయి బైబిలులో ఉన్నదేనని చూపించినప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు. "దయాప్రాప్తురాలా నీకు శుభము" అని వాళ్ల లూకా సువార్తలో ఉన్న చోటనే, మా జపంలో "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని ఉంటుంది. రెండింటి వెనుకా ఉన్నది ఒకే గ్రీకు పదం. గబ్రియేలు పలుకుకు ఎలిజబెతు పలుకు కలిపితే సగం జపం పూర్తవుతుంది. "అన్ని తరములవారును నన్ను ధన్యురాలని యందురు" అని మరియమ్మే అన్నది కూడా అదే అధ్యాయంలో. ఆమెను దేవమాత అని పిలవడం 431లో ఎఫెసులో బిషప్పులు కూడిన మహాసభ స్థిరపరచిన మాట. అయితే ఆ సభలో తేలవలసిన విషయం మరియమ్మ గొప్పతనం కాదు, ఆమె కన్నవాడు ఎవరన్నది. శ్రీసభ హద్దు మరిచిపోలేదనడానికి ఈ మధ్య జరిగినదే నిదర్శనం. మరియమ్మను "సహరక్షకి" అని పిలవడం తగదని 2025 నవంబరులో వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం ఒక పత్రంలో తేల్చి చెప్పింది. రక్షకుడు ఒక్కడే.

స్వరూపాల విషయంలో నాకు ఒక ఒప్పుకోలు ఉంది. నిర్గమకాండంలో విగ్రహాలు చేయవద్దన్న దేవుడే, అదే గ్రంథంలో మందసం మీద కెరూబులను చేయమన్నాడు, సంఖ్యాకాండంలో అయితే అరణ్యంలో కంచు సర్పాన్ని ఎత్తమన్నాడు. ప్రతిమకు చూపే గౌరవం ఆ ప్రతిమ ఎవరిదో వారికి చేరుతుందని 787లో రెండవ నీకయా మహాసభ వివరించింది. ఇదంతా సరైనదే. కానీ అదే కంచు సర్పానికి ప్రజలు ధూపం వేయడం మొదలుపెట్టినప్పుడు హిజ్కియా రాజు దానిని పగులగొట్టించాడు. గుణదలలో కూడా స్వరూపాన్ని తాకితే చాలు, పని జరుగుతుందన్నట్టు తోసుకునేవారిని చూసినప్పుడు నాకు ఆ రాజే గుర్తుకొస్తాడు. అమ్మాయి భయం పూర్తిగా నిరాధారమైనదని నేను అనలేను. ఆ ప్రమాదం ఉందని మాకూ తెలుసు, జ్ఞానోపదేశం చెప్పవలసి రావడం అందుకే. కొబ్బరికాయలూ తలనీలాలూ ప్రజలు తమంతట తాము తెచ్చుకున్న మొక్కుబడులు. ఆరతి, పంచాంగ ప్రణామం వంటివి వేరు, వాటితో కూడిన 12 అంశాలను భారతదేశంలోని ఆరాధనలో వాడుకోవడానికి 1969లో వాటికన్ అనుమతించింది.

మా బైబిలులో 73 గ్రంథాలు ఎందుకున్నాయని, గురువును తండ్రి అని ఎందుకు పిలుస్తామని కూడా అడిగింది. మొదటిదానికి, తోబీతు, యూదితు, మక్కబీయులు మొదలైన ఏడు గ్రంథాలు తొలి క్రైస్తవులు చదివిన గ్రీకు పాత నిబంధనలో ఉన్నవని చెప్పాను. రెండోదానికి, కొరింతీయులకు సువార్త ద్వారా తాను తండ్రినయ్యానని పౌలు రాసుకున్న మాట చూపించాను. వాటి దగ్గర మేము ఎక్కువసేపు ఆగలేదు.

పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, దగ్గర మాత్రం చాలాసేపు ఆగాము. "నేరుగా దేవునికి చెప్పుకోవచ్చు కదా, మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?" అని ఆమె ప్రశ్న. నేరుగా దేవునికి చెప్పుకోవాలి, రోజూ చెప్పుకోవాలి. గురువు దగ్గరకు వెళ్లేది దానికి బదులుగా కాదు. పునరుత్థానమైన సాయంత్రం ప్రభువు శిష్యుల మీద ఊది, "మీరు ఎవరి పాపములు క్షమింతురో అవి వారికి క్షమింపబడును" అన్నాడని యోహాను సువార్త 20వ అధ్యాయం చెబుతుంది. క్షమించాలో నిలిపి ఉంచాలో నిర్ణయించాలంటే ముందు వినాలి కదా. క్షమించేది దేవుడే, ఆ మాటను నా చెవికి వినిపించే నోరు గురువుది. తప్పు చేసింది మనిషిగా, సాటి మనుషుల మధ్య. కాబట్టి దానిని ఒక మనిషి ముందు నోరు తెరిచి చెప్పుకోవడంలో ఉన్న సిగ్గు కూడా మందులో భాగమే అని నేను నమ్ముతాను. ఇరవై ఏళ్ల క్రితం ఆస్తి పంపకాల్లో సొంత తమ్ముడి విషయంలో నేను చేసిన ఒక అన్యాయాన్ని ఎన్నో రాత్రులు దేవునికి చెప్పుకున్నాను, కానీ సరిదిద్దలేదు. తపస్కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) ఒకరోజు గురువు ముందు మోకరించి చెప్పినప్పుడు ఆయన, "క్షమాపణ దొరుకుతుంది, కానీ ముందు అతనికి చెందినది అతనికి తిరిగి ఇచ్చేస్తావా?" అని అడిగారు. ఒంటరి ప్రార్థనలో నన్ను నేను ఆ ప్రశ్న ఎప్పుడూ అడుక్కోలేదు. తిరిగి ఇచ్చాను కనుకనే ఈ కోడలి పెళ్లిలో మా తమ్ముడూ నేనూ పక్కపక్కన కూర్చున్నాము.

గురువు విన్నది ఎక్కడా చెప్పకూడదు. ప్రాణం మీదికి వచ్చినా, న్యాయస్థానం అడిగినా చెప్పకూడదు. నేరుగా బయటపెట్టిన గురువు శ్రీసభ చట్టం ప్రకారం ఆ క్షణమే వెలివేయబడతాడు. మరి గురువు పాపాలు ఎవరు వింటారు? మరో గురువు. పోపుగారివి కూడా అంతే. 2014 మార్చిలో పోపు ఫ్రాన్సిస్ పునీత పేతురు మహాదేవాలయంలో అందరూ చూస్తుండగా ఒక సాధారణ గురువు ముందు మోకరించి పాపసంకీర్తనం చేశారు. పోపు తప్పులు చేయరని కతోలికులు నమ్ముతారన్న అపోహకు ఆ దృశ్యమే జవాబు. 1870లో మొదటి వాటికన్ మహాసభ చెప్పిన పొరపాటులేనితనం ఆయన నడవడికకు సంబంధించినది కాదు, సర్వ శ్రీసభకూ విశ్వాస, నైతిక విషయాల్లో అధికారపూర్వకంగా తుది తీర్పు ప్రకటించే అరుదైన సందర్భానికి మాత్రమే సంబంధించినది. అటువంటి ప్రకటన ఆ తరువాత 1950లో, మరియమాత మోక్షారోపణం, అంటే ఆమెను దేవుడు ఆత్మశరీరాలతో పరలోకానికి తీసుకున్నాడన్న విశ్వాసం, గురించి జరిగింది.

ఇక నాకు చెప్పడానికి కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలింది. పెళ్లయిన మొదటి ఆదివారం అందరూ లేచి దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి వరుసలో నిలబడితే, ఈ అమ్మాయి ఒక్కతే బెంచీ మీద కూర్చుండిపోయింది. "నేను యేసుప్రభువును నమ్మడం లేదా?" అని తరువాత అడిగింది. ఎందుకు నమ్మడం లేదమ్మా, నాకంటే గట్టిగా నమ్ముతున్నావు అన్నాను. అయితే మా విశ్వాసం ప్రకారం అది జ్ఞాపకార్థం పంచుకునే రొట్టె కాదు, అప్పము, ద్రాక్షారసాల రూపంలో ఉన్నది నిజంగా క్రీస్తే. గురువు "క్రీస్తు శరీరం" అన్నప్పుడు "ఆమెన్" అనడమంటే దానినీ, దానిని అందించే శ్రీసభనూ కూడా ఒప్పుకోవడం. మనసు ఇంకా ఒప్పుకోని మాటను నోటితో పలికించడం ఆమె మనస్సాక్షికి గౌరవం కాదు. ఇది సరైన క్రమమని నాకు తెలుసు. ఆ బెంచీ మీద ఆమె ఒంటరిగా కూర్చున్న దృశ్యం నన్ను బాధపెట్టిందన్నదీ నిజమే. క్రైస్తవులు విడిపోయి ఉన్నందుకు చెల్లిస్తున్న మూల్యం అక్కడ ఒక ఇరవై ఐదేళ్ల అమ్మాయి ముఖంలో కనిపించింది. ఒకవేళ ఎప్పుడైనా ఆమె కతోలిక శ్రీసభలో చేరదలచుకుంటే మళ్లీ జ్ఞానస్నానం ఇస్తారేమోనని వాళ్ల నాన్నగారు భయపడ్డారు. ఇవ్వరు. నీటితో, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున పొందిన బాప్తిస్మాన్ని శ్రీసభ చెల్లుబాటయ్యేదిగా గుర్తిస్తుంది, రెండోసారి ఇవ్వడాన్ని అనుమతించదు. ఆ విషయం తెలిశాక ఆయన నాతో ఇంకొంచెం చనువుగా మాట్లాడుతున్నారు.

కిందటి వారం ఆమె ఫోన్ చేసి, నవంబరు 2న సమాధుల పండుగకు ఏమేమి సిద్ధం చేయాలని అడిగింది. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాము, గురువు వచ్చి తీర్థం చల్లి ఆశీర్వదిస్తారు అని చెప్పాను. ఆమె వెంటనే, చనిపోయినవారి కోసం ప్రార్థిస్తే ఏమవుతుందని అడిగింది. మా పెద్దవాళ్లు ఉత్తరించు స్థలం అనే పేరుతో పిలిచేదాని గురించి చెప్పాను. ఉత్తరణం అంటే దాటడం. అది పరలోకానికీ నరకానికీ మధ్య ఉన్న మూడో గమ్యం కాదు, రక్షణ పొందినవారే ఇంకా మిగిలిన మలినం పోగొట్టుకుంటూ దేవుని సన్నిధికి దాటే శుద్ధి. ఆ అగ్ని క్రీస్తే కావచ్చునని, ఆయన చూపు ఎదురుపడినప్పుడు మనలోని అబద్ధమంతా కరిగిపోతుందని కొందరు వేదాంతులు చెప్పే భావాన్ని పోపు పదహారవ బెనెడిక్టు 2007లో రాసిన లేఖలో ప్రస్తావించారు. యుద్ధంలో మరణించిన తనవారి పాపపరిహారం కోసం యూదా మక్కబీయుడు యెరూషలేముకు బలి సొమ్ము పంపినట్టు మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. అది వాళ్ల బైబిలులో లేని గ్రంథం కనుక ఋజువుగా చెప్పలేదు, మా అలవాటు ఎంత పాతదో తెలియడానికి చెప్పాను.

ఆమె కాసేపు ఆగి, "మా నానమ్మ సమాధి దగ్గర కూడా ఒక కొవ్వొత్తి వెలిగించవచ్చా, పెదమామయ్యగారూ?" అని అడిగింది. వాళ్ల ఊరి సమాధుల తోటలో ఆ ఆచారం లేదు. ముందు మీ నాన్నగారిని అడుగు, ఆయన సరేనంటే అందరం కలిసి వెళదాం అన్నాను. ఆయన సరేనన్నారట. ఆ రోజు ఉదయం పూజ అయ్యాక బయలుదేరుతున్నాము.