5 అడుగుల 2 అంగుళాల మిడ్‌ఫీల్డర్

మా పెద్దమ్మాయి ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. పదహారేళ్లు దాటాయి, ఇక పెరిగే ఆశ లేదు. మా ఇంట్లో ఆడవాళ్లెవరమూ అంతకు మించి లేము. దానికేమో ఇక్కడ అమెరికాలో కాలేజీ సాకర్ (ఫుట్‌బాల్) ఆడాలని ఉంది. ఈ మాట చెప్పగానే ఆట తెలిసినవాళ్లు కూడా ముందు "అయ్యో" అంటారు. ఆ అయ్యోలో సగమే నిజం.

చిన్న వయసు మ్యాచులు చూసిన తల్లిదండ్రులకు ఎత్తు మీద లేనిపోని నమ్మకం ఏర్పడుతుంది. ఆడపిల్లలు చాలామంది 12 ఏళ్ల ప్రాంతంలో గబగబా పెరిగి, 14, 15 కల్లా దాదాపు ఆగిపోతారు. ముందుగా పెరిగిన పిల్లలు బంతిని ముందుకు తన్ని, దాని వెంట పరుగెత్తి గోల్స్ కొట్టేస్తుంటారు. మిగతావాళ్లు పెరిగి అందుకున్నాక ఆ పప్పులు ఉడకవు. క్లబ్బుల్లో ఇన్నాళ్లూ జనవరి 1 నుంచి వయసు లెక్కించేవారు. మా పెద్దమ్మాయి నవంబర్‌లో పుట్టింది కాబట్టి, ఏ టీమ్‌లో చూసినా అదే చిన్నది. 2026-27 సీజన్ నుంచి చాలా లీగులు ఆగస్టు 1కి మారుతున్నాయి. మా చిన్నమ్మాయికి కలిసొస్తుందేమో.

కాలేజీలో సంగతి వేరు. అక్కడ ఎదురు నిలిచేది 21, 22 ఏళ్ల ఆడవాళ్లు. సీజన్ ఆగస్టులో మొదలై శరదృతువంతా నడుస్తుంది, వారానికి రెండేసి మ్యాచులు మామూలే. పైగా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధనల ప్రకారం, బయటికి వెళ్లిన ప్లేయర్ కొన్ని షరతులతో మళ్లీ ఆటలోకి రావచ్చు. అందుకని కోచ్‌లు బెంచ్ మీదివాళ్లను మారుస్తూ, తొంభై నిమిషాలూ ప్రెస్ (బంతి ఉన్నవాళ్ల మీదికి దూసుకెళ్లడం) చేయిస్తూనే ఉంటారు. బంతి కాలికి తగిలే లోపే ఒక భుజం వచ్చి ఆనుతుంది.

కాలేజీ కోచ్‌లు పిల్లల ఆట చూసే ఒక ఐడీ క్యాంప్‌లో మా అమ్మాయిని ఆ కాలేజీ టీమ్ వాళ్లతో కలిపి ఆడించారు. ఇంటికి వస్తూ కారులో అంది, "అమ్మా, ఆమె నన్ను తోయలేదు. ఊరికే నిలబడింది. నేనే వెళ్లి గుద్దుకుని పడ్డాను." దాన్ని పడేసిన ఆ అమ్మాయి ఎత్తు కూడా దాదాపు దీనంతే. ఆ తర్వాత క్యాంప్ కోచ్ దీనితో ఒకే మాట అన్నాడట: "ఎత్తు సంగతి నాకు వదిలెయ్. బంతి ఆపాక రెండు సెకన్లు నిలబడగలవా?"

"సైజ్ చాలదు" అని కోచ్‌లు అనే మాట చాలాసార్లు బలం గురించే. నూటికి నూరుపాళ్లు కాదనుకోండి. గోల్‌కీపర్‌కీ, గోల్ ముందు కాపుకాసే సెంటర్ బ్యాక్‌కీ ఎత్తు నిజంగానే పనికొస్తుంది, కార్నర్ కిక్ వచ్చినప్పుడు అంగుళాలు అంగుళాలే. 5 అడుగుల 11 అంగుళాల ఆబీ వామ్‌బాక్ అమెరికా తరఫున కొట్టిన 184 గోల్స్‌లో 77 తలతో కొట్టినవే. కానీ మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్‌లో, అంచుల్లో ఆడే వింగ్‌లో, ఫుల్ బ్యాక్‌లో లెక్క మారుతుంది. క్రిస్టల్ డన్ 5 అడుగుల 1 అంగుళం మనిషి. నార్త్ కరొలినాలో ఆడుతూ 2012లో కాలేజీ సాకర్‌లో పెద్ద గౌరవమైన హెర్మన్ ట్రోఫీ తెచ్చుకుంది. విస్కాన్సిన్‌లో ఆడిన రోజ్ లవెల్ 5 అడుగుల 4 అంగుళాలే. 2019 మహిళల వరల్డ్ కప్ ఫైనల్‌లో డిఫెండర్ల మధ్య నుంచి దూసుకెళ్లి గోల్ కొట్టింది. వీళ్లను చూపించి "ఎత్తు అక్కర్లేదు" అనేవాళ్లు ఒక్కసారి డన్ తొడలు చూడాలి.

ఇప్పుడు మా గరాజ్‌లో కారుకి చోటు లేదు. డెడ్‌లిఫ్ట్ బార్, ఒంటికాలి స్క్వాట్లకు బెంచీ, మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా ముందుకు వాలే నార్డిక్ కర్ల్స్ కోసం చాప. "ఆడపిల్లకు కండలొస్తే ఎలాగమ్మా" అని ఫోన్‌లో మా అత్తగారి టెన్షన్. రాత్రికి రాత్రి కండలు ఊడిపడవని నేనెంత చెప్పినా ఆవిడ వినరు. నిజానికి రిక్రూటింగ్ (కాలేజీ టీమ్‌లోకి తీసుకోవడం) సంగతి అటుంచినా నేను బరువులు ఎత్తించేదాన్నే. సాకర్‌లో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఆడపిల్లలకు చాలా ఎక్కువ. బలం, సరిగ్గా దూకి దిగడం, ఉన్నట్టుండి ఆగడం నేర్పితే అది తగ్గుతుంది. ఫిఫా 11+ అనే వార్మప్ ఇరవై నిమిషాల పని. ఏ క్లబ్ అయినా చేయించొచ్చు, చాలా క్లబ్బులు బద్ధకిస్తాయి.

ఇంకో భయం నాకు దీనికంటే పెద్దది. తేలిగ్గా ఉంటే వేగం వస్తుందని తిండి తగ్గించే పిల్లలు ప్రతి టీమ్‌లో ఉంటారు. పీరియడ్స్ ఆగిపోతే "ప్రాక్టీస్ ఎక్కువైందిలే" అని సర్దిచెప్పుకుంటారు. ఒంటికి చాలినంత తిండి అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఎముకలు బలహీనపడతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన విషయం అది, మెచ్చుకోవాల్సింది కాదు. బలం కావాలంటే తినాలి, అంతే.

పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 వరకూ డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పిల్లలతో నేరుగా రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. ఆ తేదీకి చాలా ముందే మా అమ్మాయి కాలేజీల రోస్టర్లు (ప్లేయర్ల పట్టికలు) తిరగేసింది. చాలా టీమ్‌లు వెబ్‌సైట్‌లో ప్లేయర్ల ఎత్తు వేస్తాయి. కొన్నిచోట్ల మిడ్‌ఫీల్డర్లంతా 5 అడుగుల 7 అంగుళాల పైమాటే. వాళ్ల మ్యాచులు చూస్తే బంతి ఎక్కువసేపు గాల్లోనే ఉంటుంది. వాటిని తన జాబితాలోంచి కొట్టేసింది. పొట్టివాళ్లను సీజన్ల తరబడి ఆడించిన టీమ్‌లను ఉంచుకుంది. కోచ్‌లకు పంపే ఈమెయిల్‌లో ఒక అంగుళం కలిపి రాయమని ఎవరో సలహా ఇచ్చారు. వచ్చి పక్కన నిలబడితే తెలిసిపోయేదానికి అబద్ధం దేనికని ఉన్నదే రాసింది.

ఆ జాబితాలో డివిజన్ 3 కాలేజీలూ ఉన్నాయి. ఆట, చదువు రెండూ దానికి నచ్చాయి. కానీ అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆ విషయంలో వాళ్ల నాన్నా నేనూ ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం.