దేవుడి తరఫున మాట్లాడి దేవుడికే కోపం తెప్పించినవాళ్లు

"నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." బైబిల్లో యోబు గ్రంథం 8:7. ఎంతమందిమి దీన్ని వాగ్దానమని పట్టుకున్నామో! ఇది ఎవరి నోటి మాటో ఎప్పుడైనా చూశారా? యోబును ఓదార్చడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన బిల్దదుది. పదిమంది బిడ్డల్ని ఒక్కరోజే పోగొట్టుకున్న ఆ యోబుతో, నీ పిల్లలు పాపం చేసే పోయారన్నట్టు మాట్లాడింది ఆయనే, మూడు వచనాల ముందు. అదే ఊపులో ఈ ఆశీర్వాదం కూడా.

ఆ ముగ్గురూ చెడ్డవాళ్లేం కాదు. కబురు తెలిసి వచ్చారు, బట్టలు చింపుకున్నారు, ఏడు పగళ్లు ఏడు రాత్రులు యోబుతో పాటు నేలమీదే కూర్చున్నారు, ఒక్కమాట లేకుండా. నోరు తెరిచాకే వచ్చింది తంటా.

42:7 దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. తను పుట్టిన దినాన్ని శపించి, దేవుడితోనే వాదానికి దిగినవాడు యోబు. దేవుడు సుడిగాలిలోనుంచి అతన్ని గద్దించాడు, నిజమే. కానీ "నా కోపము మండుచున్నది" అన్నది ఆ ముగ్గురిలో ఒకడైన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. వాళ్లేమో అధ్యాయాలకు అధ్యాయాలు దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లు! దేవుని పక్షాన అన్యాయంగా వాదిస్తారా అని యోబు 13వ అధ్యాయంలోనే వాళ్లను అడిగాడు. ఆయనకు మన వకాల్తా ఎందుకు? పుండు మీద ఆయన పేరుతో కారం చల్లితే ఊరుకుంటాడా?

నేనూ చల్లాను. పాపను పోగొట్టుకున్న ఒక అక్క దగ్గరికి వెళ్లాను. ఒళ్లో చిన్న గౌను పెట్టుకుని, దాని గుండీ పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ పెడుతోంది. ఆ నిశ్శబ్దానికి నాకే టెన్షన్ వచ్చి, "దేవుడు ఊరికే ఏదీ చేయడక్కా, మనల్ని మనం పరీక్షించుకోవాలి" అనేశాను. గుండీ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

పరామర్శకు వెళ్తే వచనాలు వల్లించకండి. కారణాలు వెతక్కండి. కూర్చోండి చాలు. వాళ్లు ఏడిస్తే ఏడవండి. దేవుణ్ణి నిలదీస్తే నిలదీయనివ్వండి, ఆయన విని తట్టుకోగలడు.

ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరికే వెళ్లమన్నాడు దేవుడు ఆ ముగ్గురినీ. వాళ్ల కోసం ప్రార్థన చేయాల్సింది కూడా యోబే. ఎవరిని నొప్పించారో వాళ్ల గుమ్మమే ఎక్కాలి మరి.

ఆ అక్క నంబరు నా ఫోన్‌లోనే ఉంది. నాలుగేళ్లయింది. ఇంకా చేయలేదు.